తొమ్మిదో బ్లేడ్‌కి మూడున్నర గండం

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకి ముక్తేశ్వరం రేవు నుంచి కోటిపల్లి వైపు గోదావరి దాటించే పంటు కదిలింది. రెండు ఆటోలు, తొమ్మిది మోటారు సైకిళ్ళు, ముప్ఫై మంది దాకా మనుషులు. వాళ్ళలో హరిబాబు ఒకడు. రాజమండ్రిలో సర్వర్లు చూసుకునే ఇంజనీరు. ఆదివారం ఇంటి దగ్గర గడిపి, మళ్ళీ డ్యూటీకి వెళుతున్నాడు.

పంటు నది మధ్యకి వచ్చాక వెనకవైపు నిలబెట్టిన మోటారు సైకిల్ ఒకటి పెద్ద చప్పుడుతో పడింది. అందరూ అటు తిరిగారు. ఆ రెండు క్షణాల్లో బూడిదరంగు రెయిన్‌కోటు వేసుకున్న ఒక మనిషి భుజం హరిబాబు వీపుకి ఆనింది.

అవతలి రేవులో అందరూ దిగిపోయారు. హరిబాబు బండి ఒక్కటే పంటు మీద మిగిలింది.

సాయంత్రం దిగువన వలకి శవం తగిలింది. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. కానీ అతని చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, ఆ కవరులో ఒక చీటీ ఉన్నాయి. ఆ చీటీ మంగళవారం ఉదయానికి ఢిల్లీలో, బోర్డు లేని ఒక ఆఫీసులో, శివరామకృష్ణ అనే అధికారి బల్ల మీదకి చేరింది.

---

బుధవారం ఉదయం ఏడున్నర. రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్. ఆకాశం మబ్బుపట్టి ఉంది. యుగంధర్ కారు దిగి గెలల వరసల మధ్య నడుస్తున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసు, ఆ బోర్డు లేని ఆఫీసులో పదమూడేళ్ళ సర్వీసు. ఒకచోట రెండు నిమిషాలు నిలబడలేని మనిషి. ఇంట్లో కూడా భోజనం సగం నిలబడే చేస్తాడు.

మూడో షెడ్డులో తెల్ల లుంగీ కట్టుకున్న పెద్దాయన దగ్గర ఆగాడు.

"అమృతపాణి గెల ఉందా అండి?"

"అయిపోయిందండి. కర్పూరం పచ్చిది ఉంది. మాగడానికి మూడు రోజులు పడుతుంది."

"నాకు మధ్యాహ్నానికే కావాలండి."

కోడ్ సరిపోయింది. అప్పాజీ అనే ఆ పెద్దాయన ఎండుటాకులు చుట్టిన గెల ఒకటి తెచ్చి కారు డిక్కీలో పెట్టాడు. "జాగ్రత్తండి, లోపల మెత్తగా ఉంది," అని మాత్రం అని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆకుల లోపల ఒక సర్వీసు కంపెనీ నీలం యూనిఫాం, ఐడీ కార్డు, చొక్కా గుండీలో అమర్చే కెమెరా, హరిబాబు చీటీ కాపీ ఉన్నాయి. కెమెరా గాజు మీద అప్పటికే చెమ్మ పట్టింది. యుగంధర్ దాన్ని కారు కిటికీలోంచి వచ్చే గాలికి రెండు నిమిషాలు పట్టి చూశాడు, లాభం లేక పక్కన పడేశాడు.

గోదావరి బ్రిడ్జి మీద ఉండగా ఫోన్ మోగింది.

"చీటీ చూశావా?" అన్నారు శివరామకృష్ణ.

"చూశాను సర్. అంకెల జతలు. ఐదు-ఎనిమిది, మూడు-పది, ఆరు-పదకొండు. కింద ఇంకో రెండు వరసలు. ఏమీ అర్థం కాలేదు."

"మన వాళ్ళకీ కాలేదు. విను. కోరుకొండ రోడ్డులో ఒక సెంటర్ ఉంది. పైకి కొబ్బరిపీచు ఎగుమతి ఆఫీసు అని బోర్డు. లోపల ఈ తీరంలో వేటకెళ్ళే పడవలన్నిటినీ కనిపెట్టే సర్వర్లు. ప్రతి పడవలో ఒక ట్రాన్స్‌పాండర్ ఉంటుంది. అది ఇచ్చే నంబరు, అది ఉన్న చోటు అక్కడి మ్యాప్ మీద పడతాయి. ఆ సర్వర్ల మేనేజ్‌మెంట్ మాడ్యూల్లోకి బయటినుంచి ఎవరో లాగిన్ అవుతున్నారు."

"ఎవరు?"

"యానాంలో మోరెల్ అని ఒకడు దిగాడు. నాలుగు పాస్‌పోర్టులు, నాలుగు దేశాలు. ఏటి ఒడ్డు రిసార్టులో ఉన్నాడు. వాడి పక్కన కీబోర్డు పట్టుకున్నది రమ్యశ్రీ."

యుగంధర్ కారు వేగం తగ్గించాడు. రమ్యశ్రీ అతనితో కలిసి ట్రైనింగ్ అయిన మనిషి. రెండేళ్ళ క్రితం ఆఫీసే ఆమెని సర్వర్ కన్సల్టెంట్ వేషంలో ఆ ముఠాలోకి పంపింది. సింగపూర్ నుంచి దుబాయ్ దాకా ఖరీదైన హోటళ్ళలో, ఖరీదైన చీరల్లో తిరుగుతూ రిపోర్టులు పంపేది.

"ఆమె మన మనిషి సర్."

"మూడు వారాలుగా ఒక్క మాట రాలేదు. మధ్యలో హరిబాబు చచ్చిపోయాడు. ఆమె అటు తిరిగిపోయిందని ఇక్కడ తేల్చారు."

"మీరేం అనుకుంటున్నారు?"

"నన్ను అడగలేదు. నీ పని ఒకటే. సెంటర్లోకి ఇంజనీరుగా వెళ్ళు. ఆమె లాగిన్ తీసెయ్. తలుపు మూసెయ్. సాయంత్రానికి రిపోర్ట్ ఇవ్వు."

"లాగిన్ పోతే ఆమె పక్కనున్న వాడు ఏం చేస్తాడో ఆలోచించారా?"

లైను కట్టయింది.

---

సెంటర్లో డ్యూటీలో ఉన్నది వీరవేణి అనే ఆపరేటర్. ఇరవై ఆరేళ్ళుంటాయి. భైరవపాలెం మత్స్యకారుల ఇంటి పిల్ల, కాకినాడలో డిప్లొమా చదివింది. యూనిఫాం చూసి లేచి నిలబడింది.

"హరిబాబు గారి బదులు వచ్చారా అండి?"

"అవునండి."

"ఆయన ఈత వచ్చిన మనిషి," అంది ఆమె. సర్వర్ రూము తలుపు తీసింది.

లోపల చలి, ఫ్యాన్ల హోరు. నడుము ఎత్తున ర్యాకులో ఇనప పెట్టెలాంటి ఛాసిస్. దానిలో పద్నాలుగు సన్నటి బ్లేడ్ సర్వర్లు అట్టపుస్తకాల్లా నిలువుగా పక్కపక్కన దూర్చి ఉన్నాయి. ఒక్కో బ్లేడ్ ఒక్కో పూర్తి కంప్యూటర్. వెనకవైపు చిన్న మేనేజ్‌మెంట్ మాడ్యూల్. దాని వెబ్ పేజీ తెరిస్తే ఎక్కడినుంచైనా ఏ బ్లేడ్‌నైనా ఆపొచ్చు, లేపొచ్చు, అది దేన్నుంచి బూట్ అవ్వాలో మార్చొచ్చు.

యుగంధర్ లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి పేజీ తెరిచాడు. హరిబాబు లాగిన్ పనిచేసింది. అక్కడే అతనికి మరో సంగతి తెలిసింది. ఛాసిస్ కొన్నప్పుడు డబ్బాతో వచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇన్నేళ్ళుగా ఎవరూ మార్చలేదు. మాన్యువల్ చదివిన వాడెవడైనా లోపలికి రావచ్చు. వచ్చారు కూడా. లిస్టులో నాలుగో పేరు 'కన్సల్ట్', అన్ని అధికారాలతో.

"వీరవేణి గారూ, ఈ మధ్య ఇక్కడ ఏమైనా తేడాగా అనిపించిందా?"

"రెండండి. తొమ్మిదో బ్లేడ్ మూడు రోజులనుంచి సరిగ్గా మూడున్నరకి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. ఆరు నిమిషాలు పోతుంది. ఏ నంబరు ఏ పడవదో సరిచూసేది ఆ బ్లేడే. తేడా వస్తే కోస్ట్ గార్డుకి అలారం పంపేదీ, పడవలకి మెసేజీలు పంపేదీ అదే."

"రెండోది?"

"ఈ నీలం లైట్లండి." ఆమె బ్లేడ్ల ముందుభాగం చూపించింది. "ఏ బ్లేడో గుర్తుపట్టడానికి వెబ్ పేజీలో ఒక టిక్కు పెడితే దీని మీద నీలం లైటు వెలుగుతుంది కదా. ఎవరూ పెట్టకుండానే వెలుగుతున్నాయి. రెండేసి చొప్పున. హరిబాబు గారు శుక్రవారం కూర్చుని అన్నీ రాసుకున్నారు. కన్సల్టెంట్లు ఇచ్చిన సపోర్టు నంబరుకి ఫోన్ చేసి చెప్పారు కూడా."

ఆ సపోర్టు నంబరు మోరెల్ ముఠాదేనని యుగంధర్‌కి అర్థమైంది. సోమవారం పంటు మీదకి రెయిన్‌కోటు మనిషి ఎందుకొచ్చాడో కూడా.

చీటీ తీసి ఛాసిస్ ముందు నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. గదిలో అటూ ఇటూ నడిచాడు. ఎడమవైపు ఏడు బ్లేడ్లు, కుడివైపు ఏడు. చీటీలో ప్రతి జతలో మొదటి అంకె ఏడు లోపు, రెండోది ఎనిమిదో ఆ పైనో.

ట్రైనింగ్ రోజుల్లో, కోడ్ క్లాసులో నిద్ర ఆపుకోవడానికి రమ్యశ్రీ, అతను ఇద్దరూ కలిసి ఒక కోడ్ తయారుచేసుకున్నారు. పలకమీద హల్లులు రాస్తే ఏడు వరసలు. క, చ, ట, త, ప, ఆ కింద య ర ల వ, ఆ కింద శ ష స హ ళ. మొదటి అంకె వరస, రెండో అంకె ఆ వరసలో అక్షరం. అచ్చులూ, సున్నలూ చదివేవాడు ఊహించుకోవాలి.

ఐదో వరస 'ప'. ఎనిమిదో బ్లేడ్ అంటే అందులో మొదటి అక్షరం. ప. మూడో వరసలో మూడోది, డ. ఆరో వరసలో నాలుగోది, వ.

"పడవ," అన్నాడు పైకే.

చీటీలో రెండో వరస జ, త. మూడో వరస బ, ధ.

పడవ. జత. బుధ.

"ఈరోజు బుధవారమే," అంది వీరవేణి, అతని భుజం పక్కనుంచి చీటీ చూస్తూ. "జత అంటే ఏంటండి?"

యుగంధర్ ఒక్క నిమిషం ఆమె ముఖంలోకి చూశాడు. ఈ గదిలో నమ్మదగ్గ మనిషి ఇంకెవరూ లేరు. తానెవరో, ఆ కోడ్ ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. బల్లమీదున్న మంచినీళ్ళ సీసా తీసుకుని రెండు గుక్కలు తాగింది.

"ఒకే నంబరుతో రెండు పడవలు అయ్యుంటాయండి," అంది నెమ్మదిగా. "పోయిన నెల ఇద్దరు మనుషులు యూనిఫాంలో వచ్చి మా నాన్న పడవలో ట్రాన్స్‌పాండర్ రిపేరని పట్టుకెళ్ళారు. నాలుగు రోజులకి తెచ్చిచ్చారు. మా ఆఫీసులో అడిగితే ఎవర్నీ పంపలేదన్నారు. నాన్న మాత్రం బాగానే పనిచేస్తోంది కదా, గొడవెందుకన్నాడు. నంబరు 2217."

"మీ నాన్నగారు ఇప్పుడెక్కడ?"

ఆమె మ్యాప్ మీద ఒక పచ్చటి చుక్క చూపించింది. దానికి దక్షిణంగా, పన్నెండు మైళ్ళ దూరంలో, సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫారం. తొంభై మంది పనిచేసే చోటు. దాని చుట్టూ ఆ పూట యాభై పడవలు వేటలో ఉన్నాయి.

యుగంధర్‌కి పన్నాగం ఒక్కసారిగా కళ్ళకి కట్టింది. మూడున్నరకి తొమ్మిదో బ్లేడ్ రీస్టార్ట్ అవుతుంది. ఈసారి తన డిస్కు నుంచి కాక, నెట్‌వర్క్ మీదుగా మోరెల్ పంపే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని లేస్తుంది. వెంటనే అలారం మోగుతుంది, కానీ అసలు పడవ మీద. గస్తీ బోట్లు వీరవేణి నాన్న పల్లంరాజు పడవని చుట్టుముట్టడానికి ఉత్తరానికి పరిగెత్తుతాయి. పేలుడు సామాను నింపిన దొంగ పడవ, 2217 నంబరు పెట్టుకుని, దర్జాగా ప్లాట్‌ఫారం దగ్గరకి వెళుతుంది.

శివరామకృష్ణకి ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆయన విన్నారు.

"కోస్ట్ గార్డుకి చెప్పి రెండు బోట్లు పెట్టిస్తాను, ఒకటి ఉత్తరాన, ఒకటి ప్లాట్‌ఫారం దగ్గర. కానీ యాభై పడవల్లో ఏది ఆపాలో నువ్వు చెప్పాలి. యానాం రిసార్టు బయట మనవాళ్ళని దించుతాను. నువ్వు ముందు ఆమె లాగిన్ తీసెయ్."

"ఆ లైట్లు వెలిగించింది ఆమే సర్."

"లేదా ఆమె దగ్గర కోడ్ లాక్కున్న వాడు. సోమవారం ఆ కుర్ర ఇంజనీరు చావడానికి ఆ లైట్లే కారణం కదా? ఆర్డర్ ఆర్డరే."

---

రెండు గంటల యాభై. మబ్బు కిందికి దిగి బయట చీకట్లు కమ్మినట్టుంది, వాన పడటంలేదు. యుగంధర్ యూజర్ల పేజీ తెరిచి 'కన్సల్ట్' ఎంచుకున్నాడు. బాణం గుర్తు డిలీట్ బటన్ మీదకి వచ్చింది. వేలు మౌస్ మీద ఉంది. నొక్కలేదు. తీయలేదు.

నొక్కితే మోరెల్ స్క్రీన్ మీద పేజీ పోతుంది. పక్కన కూర్చున్న రమ్యశ్రీ గుట్టు బయటపెట్టిందని వాడికి తెలుస్తుంది. దొంగ పడవ ఈరోజుకి వెనక్కి తిరుగుతుంది, ఇంకో రోజు ఇంకో నంబరుతో వస్తుంది. నొక్కకపోతే, ఆమె నిజంగానే తిరిగిపోయి ఉంటే, తొంభై మంది.

"సార్," అంది వీరవేణి.

ఎనిమిదో బ్లేడ్ మీద నీలం లైటు వెలిగి, ఆరకుండా అలాగే ఉంది. ఎడమవైపు నాలుగోది వెలిగింది. ఆరింది. ఆరోది వెలిగింది. ఆరింది. ఒకటోది.

వీరవేణి వేళ్ళ మీద లెక్కపెడుతోంది. "త... య... క. తయక అంటే?"

"తీయకు," అన్నాడు యుగంధర్.

పేజీలో తాను ఏ పేరు మీద ఆగాడో రమ్యశ్రీకి కనిపించదు. అయినా ఆఫీసు ఎలా ఆలోచిస్తుందో ఆమెకి తెలుసు. ఎవడో ఒకడు ఈపాటికి ఆ బటన్ దాకా వచ్చి ఉంటాడని లెక్కవేసుకుంది. అతనికి ముఖం వేడెక్కింది.

లైట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఐదు-పన్నెండు, మ. ఆరు-తొమ్మిది, ర. రెండు-ఎనిమిది, చ.

"మరచి? ఏదో మరిచిపోయామా అండి?"

"కాదు. మార్చు." అతను ఛాసిస్ వైపే చూస్తున్నాడు. ఈసారి తొమ్మిదోది, పదమూడోది వెలిగాయి. ఒకటి ఆరితే ఇంకొకటి. తొమ్మిది, పదమూడు. తొమ్మిది, పదమూడు. రెండూ కుడివైపువే. అక్షరం కాదు.

"పదమూడోది స్పేర్ బ్లేడండి," అంది వీరవేణి. "ఖాళీది."

యుగంధర్ మౌస్ వదిలేసి లేచాడు. తొమ్మిదో అరలోని అసలు బ్లేడ్‌ని తీసి పదమూడో అరలోకి, ఖాళీ బ్లేడ్‌ని తొమ్మిదో అరలోకి. మోరెల్ తొమ్మిదో అరని రీస్టార్ట్ చేయిస్తాడు. వాడి సాఫ్ట్‌వేర్ ఖాళీ బ్లేడ్ మీద ఎక్కుతుంది. వాడి స్క్రీన్ మీద అంతా అనుకున్నట్టే జరుగుతుంది. అసలు కాపలా పదమూడో అరలోంచి సాగుతుంది.

"దాన్ని ఆపితే ఎంతసేపు?"

"ఆపడానికి మూడు, లేవడానికి ఆరండి."

మూడు గంటల ఆరు నిమిషాలు.

వీరవేణి తొమ్మిదో బ్లేడ్‌ని మర్యాదగా షట్‌డౌన్ చేసింది. పచ్చలైటు ఆరేదాకా ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు, కనీసం ఆమె నిలబడింది. అతను రెండు పక్కల పిడులు విప్పి బ్లేడ్ బయటికి లాగాడు. ఏడెనిమిది కిలోల బరువు, వేడిగా ఉంది. చొక్కాకి ఆనించుకుని పదమూడో అరలోకి తోశాడు. ఖాళీ బ్లేడ్ తొమ్మిదో అరలోకి దూరింది. పిడులు టక్కుమన్నాయి.

మూడు పద్నాలుగు. పదమూడో బ్లేడ్ మీద పవర్ బటన్ నొక్కాడు. లేవలేదు. మళ్ళీ నొక్కాడు.

"లోకల్ పవర్ కంట్రోల్ ఆపేశారు," అన్నాడు. ఛాసిస్ దగ్గర నిలబడ్డవాడు ఏ బటన్ నొక్కినా పనిచేయకుండా మోరెల్ ముందే వెబ్ పేజీలోంచి కట్టేశాడు. లాప్‌టాప్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పేజీలు తిప్పాడు. పాత మాడ్యూల్, ఒక్కో పేజీ తెరుచుకోవడానికి పది పన్నెండు సెకన్లు. పవర్, రీస్టార్ట్, బ్లేడ్ పదమూడు, పవర్ ఆన్.

ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా హోరుమన్నాయి. పచ్చలైటు వెలిగింది. మూడు పంతొమ్మిది.

"నెట్‌వర్క్ రావట్లేదండి."

స్విచ్ మాడ్యూల్ పేజీలో పదమూడో పోర్టు మూసి ఉంది. స్పేర్ కదా అని ఎవరో ఎప్పుడో మూశారు. తెరిచాడు. సేవ్ నొక్కాడు. పేజీ తెల్లగా నిలిచిపోయింది. అతను గోడదాకా వెళ్ళి వచ్చాడు. ఇంకా తెల్లగానే ఉంది. మళ్ళీ వెళ్ళి వచ్చేసరికి ఎర్ర గుర్తు పచ్చగా మారింది.

మూడు ఇరవై ఏడు.

---

అదే సమయానికి యానాం రిసార్టు మూడో అంతస్తులో ఏసీ గదిలో మోరెల్ గడియారం చూసుకుంటున్నాడు. రమ్యశ్రీ ముదురాకుపచ్చ పట్టుచీరలో, చెవులకి ముత్యాలతో, లాప్‌టాప్ ముందు కూర్చుంది. మూడు వారాల క్రితం ఆమె ఫోను ఆయన తీసుకున్నాడు. అప్పటినుంచి ఆమె నొక్కే ప్రతి మీటా చూస్తున్నాడు. నీలం లైట్లని మాత్రం పట్టించుకోలేదు. అరలు సరిచూసుకుంటున్నానని ఆమె అంటే, సరే అన్నాడు.

"రిఫ్రెష్ చెయ్యి," అన్నాడు ఇంగ్లీషులో.

రిఫ్రెష్ చేస్తే పదమూడో బ్లేడ్ ఆన్ అయినట్టు పేజీలో కనిపిస్తుంది. పాత మాడ్యూల్ కాబట్టి అడగందే పేజీ మారదు. ఆమె ప్రాణం ఆ ఒక్క లోపం మీద నిలబడి ఉంది.

"చేస్తే సెషన్ పోవచ్చు. మళ్ళీ లాగిన్ అవ్వాలంటే రెండు నిమిషాలు. మీ ఇష్టం."

ఆయన గడియారం చూశాడు. "వద్దు."

మూడున్నరకి ఆమె తొమ్మిదో బ్లేడ్ రీస్టార్ట్ నొక్కింది.

---

రాజమండ్రిలో తొమ్మిదో అరలో లైటు ఆరి, మళ్ళీ వెలిగింది. ఖాళీ బ్లేడ్ మోరెల్ సాఫ్ట్‌వేర్‌ని శ్రద్ధగా మింగింది.

మూడు ముప్ఫై మూడు. నెట్‌వర్క్ వచ్చాక మళ్ళీ ఆరు నిమిషాలు పట్టి పదమూడో అరలోని అసలు బ్లేడ్ పూర్తిగా లేచింది. మ్యాప్ ఒకసారి ఆరి వెలిగింది. వెంటనే రూములో అలారం మోగింది. ఎర్రటి వరస స్క్రీన్ అడుగున పడింది. ఒకే నంబరు, రెండు పడవలు.

రెండు 2217 లు. ఒకటి ప్లాట్‌ఫారానికి నాలుగు మైళ్ళలో, ఇంకొకటి మూడు మైళ్ళలో. పల్లంరాజు మధ్యాహ్నం చేపల వెంట దక్షిణానికి దిగినట్టున్నాడు. రెండూ ఒకే నిదానంతో, వల లాగుతున్నట్టే కదులుతున్నాయి.

ఫోన్లో కోస్ట్ గార్డు ఆఫీసర్ గొంతు. "ఏది ఆపాలి? తప్పు పడవ చుట్టూ తిరిగితే రెండోది ప్లాట్‌ఫారం కింద ఉంటుంది. త్వరగా చెప్పండి."

"మీ నాన్నగారిది ఏది?" అన్నాడు యుగంధర్.

"తెలీదండి." వీరవేణి కీబోర్డు దగ్గరకి లాక్కుంది. "మెసేజ్ పంపితే రెండింటికీ వెళుతుంది. ఇద్దరూ చదువుతారు."

"చదివినా అర్థం కానిది పంపండి. మీ నాన్నగారికి మాత్రమే తెలిసేది."

ఆమె రెండు క్షణాలు కళ్ళు మూసుకుంది. తరువాత గబగబా టైప్ చేసింది.

నాన్నా, వేణిని. వల కోసెయ్. సత్యకుమారి అత్త మెట్టినూరు వైపు తిప్పు. అడక్కు.

"ఎటువైపు?"

"నరసాపురం. నైరుతి."

చుక్కలు రెండూ అలాగే కదిలాయి. ఒక నిమిషం. పల్లంరాజు మెసేజ్ చూశాడో లేదో. తన అక్క పేరు చూసి విసుక్కున్నాడేమో. యుగంధర్ కుర్చీ వెనక్కి జరిపి, ముందుకి జరిపి, లేచి నిలబడ్డాడు. ఒకటిన్నర నిమిషం. ముందున్న చుక్క ఉన్నట్టుండి వేగం పెంచింది, ప్లాట్‌ఫారానికి రెండున్నర మైళ్ళకి చేరింది. వెనకున్నది ఇంకా తిన్నగానే ఉంది.

తరువాత వెనకున్న చుక్క ఆగింది. మెల్లగా ముక్కు తిప్పింది. నైరుతికి.

"మా నాన్న," అంది వీరవేణి.

"ముందున్నది ఆపండి," అన్నాడు యుగంధర్ ఫోన్లో. "వేగంగా పోయేది. అదే."

గస్తీ బోటు ప్లాట్‌ఫారం నీడలోంచి బయటికి వచ్చింది. ఆ తరువాతి ఆరు నిమిషాలు వాళ్ళకి స్క్రీన్ మీద చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. మొదట హెచ్చరిక వినిపించింది ఫోన్లో, తరువాత తుపాకీ చప్పుడు. ప్లాట్‌ఫారానికి ఎనిమిది వందల మీటర్ల దూరంలో ఒక చుక్క ఆగిపోయింది. ఇద్దరు మనుషులు నీళ్ళలోకి దూకారు, ఇద్దర్నీ తీశారు. పడవ పేలలేదు.

యానాంలో మోరెల్ తన స్క్రీన్ మీద గస్తీ బోట్లు ఉత్తరానికి పోతాయని ఎదురుచూశాడు. పోలేదు. లాప్‌టాప్ తన వైపు లాక్కుని తనే రిఫ్రెష్ నొక్కాడు. పదమూడో అర పచ్చగా వెలుగుతూ కనిపించింది. ఆయన చెయ్యి కోటు లోపలికి వెళ్ళేలోపు రమ్యశ్రీ లాప్‌టాప్ మూత ఆయన వేళ్ళ మీద గట్టిగా మూసింది. అదే క్షణాన తలుపు తెరుచుకుంది. భుజాన గుడ్డసంచులు, సంచుల్లో గలగలలాడే మందు సీసాలతో శివరామకృష్ణ దించిన నలుగురు మనుషులు లోపలికి వచ్చారు. మందు చవగ్గా దొరికే యానాంలో ఎవరికీ అనుమానం రాని వేషం అదొక్కటే. లిఫ్టులో రెయిన్‌కోటు మనిషి వాళ్ళకి దారి ఇచ్చి మరీ పట్టుబడ్డాడు.

---

మర్నాడు ఉదయం యుగంధర్ ముక్తేశ్వరం వెళ్ళాడు. హరిబాబు భార్య సూర్యకళ అరుగు మీద కూర్చుని ఉంది. సర్వీసు కంపెనీ తరఫున వచ్చానని చెప్పాడు.

"కాలు జారిందన్నారండి," అంది ఆమె. "ఆయన పుట్టింది ఏటి ఒడ్డునే. ఎలా జారుతుందండి?"

నిజం చెప్పడానికి అతనికి అనుమతి లేదు. అయినా కొంచెం చెప్పాడు.

"జారలేదమ్మా. ఆయన ఒక చీటీ రాసిపెట్టుకున్నారు. దానివల్ల నిన్న వంద మంది బతికారు. ఇంతకంటే చెప్పకూడదు. అడిగినవాళ్ళకి చెప్పకండి. పిల్లలకి మాత్రం పెద్దయ్యాక చెప్పండి."

ఆమె లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను కూర్చునే తాగాడు.

తిరిగి వచ్చే దారిలో రమ్యశ్రీ ఫోన్ చేసింది. కొత్త నంబరు. గొంతు అలసిపోయి ఉంది.

"హరిబాబు సంగతి నాకు సోమవారం సాయంత్రం తెలిసింది," అంది. "నా లైట్లు చూసే ఫోన్ చేశాడు. నేను ఆపలేకపోయాను."

"తెలుసు."

"ఒక్కటి అడుగుతాను, అబద్ధం చెప్పకు. నన్ను తీసెయ్యమన్నారా?"

"అన్నారు. డిలీట్ మీద వేలు పెట్టాను. నీ లైటు ఇంకో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు తెలీదు."

"ఏమీ అయ్యేది కాదులే," అంది రమ్యశ్రీ. "ఆ పేజీలో డిలీట్ నొక్కితే ముందు 'నిజంగానే తీసెయ్యాలా' అని అడుగుతుంది. మన ఆఫీసే అడగదు."